ఖాళీగా తిరిగిరాని పెరుగు డబ్బాలు

మా కాలేజీకీ పాల కంపెనీకీ పర్యావరణం మీద ఒప్పందం కుదిరిన మర్నాడు, కొల్లేటి గట్టు మీద మేం పారేసి వచ్చిన చెత్త ఎత్తడానికి కంపెనీ వాళ్లు మళ్లీ వ్యాను పంపాల్సి వచ్చింది. థర్మోకోల్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు, బొకేలకు చుట్టిన తళతళలాడే కాగితాలు, శాలువాల కవర్లు అన్నీ అక్కడే ఉన్నాయట. శాలువాలు మాత్రం ఎవరివి వాళ్లు జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్లారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట ఇది. నేను తాడేపల్లిగూడెంలో ఎంబీఏ రెండో ఏడు చదువుతున్నాను. మాది కొత్త కాలేజీ. గోడలకు రంగులు వేయడం అయింది గానీ పేరు తెచ్చుకోవడం ఇంకా మిగిలే ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూలకని మా దగ్గరికి వచ్చిన కంపెనీ అప్పటికి ఒక్కటీ లేదు. అలాంటి సమయంలో గుండుగొలను దగ్గర హైవే పక్కన ఉన్న పాల కంపెనీ వాళ్లు, తమంతట తాము, కాలేజీ నడిపే మా మాస్టారికి ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల హెడ్డాఫీసు, ప్రతి ప్లాంటూ దగ్గర్లోని బిజినెస్ స్కూలుతో చేతులు కలిపి సస్టైనబిలిటీ మీద ఏదైనా చేసి చూపించాలని హుకుం జారీ చేసిందట. దగ్గర్లో ఉన్న బిజినెస్ స్కూలు మేమే. మాకు తెలియకుండానే మేం స్కూలు కూడా అయిపోయాం.

"సస్టైనబిలిటీ అంటే ఏంటండీ?" అని క్లాసులో ఎవరో అడిగితే మాస్టారు కాసేపు ఫ్యాను వైపు చూసి, "మనం తిన్నాక, మన తర్వాత పంక్తిలో కూర్చునేవాళ్లకి కూడా కాస్త మిగల్చడం అమ్మా" అన్నారు. ఆయన ఆ మాట ఎక్కడా చదివి చెప్పలేదని నాకు నమ్మకం. ఆ తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఏదీ అంత బాగా చెప్పలేదు.

సంతకాలు కొల్లేటి ఒడ్డున జరగాలని పట్టుబట్టింది కూడా ఆయనే. "పర్యావరణం అన్నాక నీళ్లూ పక్షులూ కనపడాలండీ, ఏలూరులో ఏసీ హాలైతే బావోదు" అన్నారు. కాలేజీ బస్సులో గణపవరం మీదుగా, చేపల చెరువుల గట్ల మీద ఊగుతూ వెళ్లాం. గూడబాతులు దూరంగా బారులు తీరి కూర్చుని ఉన్నాయి. మాస్టారు మైకు అందుకుని "ప్రకృతి మాత ఒడిలో" అనగానే అన్నీ ఒక్కసారి లేచిపోయాయి. సరిగ్గా అప్పుడే గాలి వచ్చి, మా రెండు సంస్థల పేర్లూ రాసి ఉన్న పెద్ద ఫ్లెక్సీని కర్రల నుంచి ఊడబీకి నీళ్లలో పడేసింది.

దోనె మీద వెళ్తున్న ఒకాయన దాన్ని పైకి లాగి, "ఇది మీకు కావాలాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. అక్కర్లేదన్నాం. ఆ వానాకాలమంతా అది ఆయన పాక మీద కప్పుగా పనికొచ్చిందని తర్వాత తెలిసింది. మా ఒప్పందం వల్ల ఎవరికైనా నేరుగా జరిగిన మొదటి మేలు అదేనని నేను ఇప్పటికీ అంటాను.

ఇంతకీ నాకు ఈ ఒప్పందంలో పట్టింపు ఎందుకంటే, అందులో ఒక మాట ఉంది. ప్రాజెక్టు బాగా చేసిన విద్యార్థికి, ఒక్కరికి, గుండుగొలను ప్లాంటులోనే ఉద్యోగం ఇస్తారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, ఆదివారం చర్చిలో అందరూ లోకశాంతి కోసం కళ్లు మూసుకుంటే నేను పాల కంపెనీ కోసం మూసుకునేదాన్ని. మా బ్యాచ్ అంతా పరీక్షలవగానే హైదరాబాద్ వెళ్లి, హాస్టళ్లలో ఉండి, కంప్యూటర్ కోర్సులు చేసి, ఇంకేవో ఉద్యోగాలు వెతుక్కోవాలని ముందే నిర్ణయించేసుకున్నారు. నేను ఒకసారి వెళ్లి ఆ హాస్టల్ చూసి వచ్చాను. అక్కడ పెరుగు పేరుతో వడ్డించింది పెరుగు కాదు. గరిటె పెడితే గరిటె కనపడుతోంది. ఆ రోజే నాకు తెలిసిపోయింది, నేను ఈ నేల వదిలి బతకలేనని. పెంటపాడులో మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే బస్సెక్కి గుండుగొలను వెళ్లి, సాయంత్రానికి అమ్మ చేతి అన్నం తినాలి. దీన్ని ఆశయం అంటారో బద్ధకం అంటారో మీ ఇష్టం.

ప్లాంటు చూడ్డానికి మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర మాకు తలా ఒక పల్చటి కాగితపు టోపీ ఇచ్చారు. వెంట్రుక పాలలో పడకూడదు కదా. బయటికొచ్చేటప్పుడు వాటిని డబ్బాలో పారేయాలి. అక్కడ పనిచేసే వాళ్లవి మాత్రం నీలం అంచున్న తెల్ల గుడ్డ టోపీలు, ఇస్త్రీ చేసినవి. మేనేజరు గారు కూడా అదే పెట్టుకున్నారు. గుండ్రటి మొహం, చిన్న మీసం, ఆ టోపీలో ఆయన చాలా బాగున్నారు. నాకు ఆ టోపీ మీద మనసు పడింది. కాగితం టోపీ పెట్టుకుని నిలబడితే పెళ్లికి పిలవకుండా వచ్చినట్టు అనిపించింది.

ఇక ప్రాజెక్టు. కంపెనీ పెరుగును ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతుంది. ఆ డబ్బాలు వీధి కాలువలో పడి, అక్కడ్నుంచి పంట కాలువలోకి, అక్కడ్నుంచి డ్రెయిన్లోకి, చివరికి కొల్లేట్లోకి చేరతాయి. కాబట్టి పెరుగును మూతలున్న స్టీలు డబ్బాల్లో ఇద్దాం. వ్యాను రోజూ పొద్దున్నే వీధిలోకి వస్తుంది. నిన్నటి డబ్బా ఇచ్చేసి కొత్త డబ్బా తీసుకోవాలి. కంపెనీ వాటిని కడిగి మళ్లీ నింపుతుంది. ఆలోచన నాదే. బోర్డు మీద బాణం గుర్తులతో గుండ్రంగా బొమ్మ వేసి మరీ చూపించాను.

మేనేజరు గారు బొమ్మను తల అటూ ఇటూ తిప్పి చూశారు. "బావుందమ్మా. తిరిగిస్తారంటారా?"

"మా వీధి వాళ్లు పిన్నీసు తీసుకున్నా తిరిగిచ్చేస్తారండి" అన్నాను. అందులో అబద్ధం లేదు.

ముందు పెంటపాడులో మా వీధితో కలిపి మూడు వీధుల్లో మొదలుపెట్టారు. వ్యాను గంట కొట్టుకుంటూ వచ్చిన తొలిరోజు పండగే. అందరూ గుమ్మాల్లోకొచ్చి తళతళలాడే డబ్బాలు అందుకున్నారు. రెండో రోజు కూడా అందరూ వచ్చారు, కొత్త డబ్బాలు తీసుకున్నారు. పాతవి అడిగితే "రేపిస్తామండి" అన్నారు. మూడో రోజూ అంతే. వారం తిరిగేసరికి మూడు వీధుల్లోకీ డబ్బాలు వెళ్లడమే తప్ప రావడం లేదు. నా బొమ్మలో బాణాలన్నీ ఒకే వైపు తిరిగాయి.

"ఎవరూ ఇవ్వట్లేదండి. అడిగితే నవ్వుతున్నారండి" అన్నాడు వ్యాను డ్రైవరు. ఆయనది గణపవరం. తిట్టాల్సి వచ్చినా ముందు 'ఏమీ అనుకోకండి' అని మొదలుపెట్టే మనిషి. ఇంకో కబురు కూడా తెచ్చాడు. డబ్బాలు అయిపోతున్నాయని, హెడ్డాఫీసు వాళ్లు ఫోన్లో 'దొంగతనం' అనే మాట వాడారట. నాకు ఒళ్లు మండిపోయింది. మా వీధిని పట్టుకుని దొంగలంటారా! ఆ కోపంతోనే ఇంటింటికీ బయల్దేరాను.

మొదట మా ఎదురింటి టీచరమ్మ గారు. రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. వంటింటి అరుగు మీద కంపెనీ డబ్బాలు తోమి, తుడిచి, వరసగా బోర్లించి ఉన్నాయి.

"ఇవి తిరిగివ్వాలండీ" అన్నాను.

"తెలుసమ్మా. ఇవ్వకుండా ఉంచుకుంటామా? కానీ ఖాళీ డబ్బా ఎలా ఇస్తాను? వ్యాను పొద్దున్నే వచ్చేస్తుందాయె. అప్పటికి ఇంట్లో ఏముంటుంది చెప్పు?"

ఆ పక్కింటి వాళ్లు ఆదివారం గారెలు వేసుకుంటున్నారట, అప్పుడు వేసి ఇస్తారట. వీధి చివర టైలరు గారి భార్య, "రంజాన్‌కి సేమియా చేసి అందులో పెట్టి పంపుదామని ఉంచానమ్మా" అంది. రంజాన్ ఇంకా నెలకు పైనే ఉంది. ఇంకొకరింట్లో అరటి గెల పండాలి. మరొకరింట్లో కోడలు పుట్టింటి నుంచి రావాలి, ఆ అమ్మాయి జంతికలు బాగా వేస్తుంది.

ఇంటికొచ్చి మా వంటింట్లో చూస్తే అటక మీద మా డబ్బాలు కూడా వరసగా ఉన్నాయి.

"అమ్మా! నువ్వు కూడానా!"

"కేకలెందుకే? శనివారం సున్నుండలు చుడదామనుకుంటున్నా. ఊరికే గిన్నె పంపేస్తే వాళ్లేమనుకుంటారు?"

"వాళ్లేమీ అనుకోరు. అది కంపెనీ! పెరుగు ఊరికే ఇచ్చారా, డబ్బులు పెట్టి కొన్నాం!"

"కంపెనీ అయితే? అందులో మనుషులుండరా?" అంది అమ్మ.

చిన్నప్పుడు ఆ వీధిలో గిన్నెలు మోసింది నేనే. ఎదురింటి నుంచి పులిహోర వస్తే, అదే గిన్నెలో మా చెట్టు నిమ్మకాయలైనా వేసి పంపాలి. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార. ఎంబీఏలో చేరి మార్కెటింగ్ పుస్తకాలు బట్టీ పట్టినదానికి, నా వీధిలో గిన్నె ఎలా నడుస్తుందో బోర్డు మీద బొమ్మ వేసేటప్పుడు గుర్తే రాలేదు.

సరే, తెలివిగా ఆలోచించాననుకుని మళ్లీ ఇంటింటికీ వెళ్లాను. "మంచి రోజు కోసం, గారెల కోసం చూడకండి. ఏదో ఒకటి వేసి త్వరగా ఇచ్చేయండి" అని చెప్పాను. చిటికెడు పంచదార వేస్తారనుకున్నాను. పెంటపాడు వాళ్లకు 'ఏదో ఒకటి' అని చెప్పకూడదు.

సోమవారం వ్యాను మా వీధి నుంచి మెల్లగా కదిలింది. జంతికలు, సున్నుండలు, చక్కిలాలు, పులిహోర, కోడిగుడ్ల పులుసు, కొర్రమీను పులుసు, ఎండు రొయ్యల వేపుడు, అరటిపళ్లు. ఒకరు మునగాకు కోసి డబ్బాలో కుక్కారు. డ్రైవరు గుండుగొలను చేరేసరికి రోజూ కంటే ఆలస్యమైంది. దారిలో టైరు పంక్చరైందన్నాడు గానీ, ఆయన మీసానికి సున్నుండ పొడి అంటి ఉందని మేనేజరు గారు చెప్పారు.

ఆ వారం ప్లాంటు క్యాంటీన్‌లో కూర వండలేదు. మర్నాటి నుంచి పోటీ మొదలైంది. డ్రైవరు ఒక ఇంటి దగ్గర ఆగినప్పుడు, "పక్కింటోళ్లు జీడిపప్పు వేసేరండి" అని మామూలుగా అనేవాడు. అంతే, తర్వాతి రోజు ఈ ఇంటి నుంచి కిస్మిస్ కూడా వచ్చేది. ఆయన అమాయకంగా అన్నాడా, కావాలని అన్నాడా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. ఆడవాళ్లు వ్యానుకు అడ్డంగా నిలబడి, "ఏవండీ, మేనేజరు గారికి నిన్నటి పులుసు నచ్చిందా అండీ? ఉప్పు కాస్త తగ్గిందనుకుంటా" అని అడిగేవాళ్లు. "ఆయ్, లొట్టలేసుకుని తిన్నారండి" అనేవాడు డ్రైవరు. ఆ మాట నిజమేనట.

చిక్కేమిటంటే మేనేజరు గారు కూడా మన వైపు మనిషే. ఆయనది ఏలూరు. పులుసు పంపిన ఇంటికి వట్టి పెరుగు పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. "ఎలా పంపుతామమ్మా, వాళ్లు అంత ప్రేమగా పంపితే" అని, పెరుగుతో పాటు కాస్త వెన్న కూడా పంపడం మొదలుపెట్టారు. వెన్న దేంట్లో పంపారు? ప్లాస్టిక్ కవర్లో. పెరుగు డబ్బాలు మానేసి మేం కాపాడిన కాలువలోకి వెన్న కవర్లు తేలుకుంటూ వెళ్లాయి.

వెన్న అందుకున్న ఇళ్లు ఊరుకుంటాయా? దానికి బదులుగా ఇంకా పెద్దవి పంపాయి.

ఆ తర్వాత చేపల గొడవ వచ్చింది. కొర్రమీను పులుసు వాసన ఎంత కడిగినా డబ్బాను వదలదు. ఆ డబ్బాలో తోడుపెట్టిన పెరుగు, చేప ముట్టని ఒక ఇంటికి వెళ్లింది. ఆ ఇంటి పెద్దాయన కోప్పడలేదు. మా ఇంటి గేటు దగ్గరికొచ్చి, నన్ను పిలిచి, "పెరుగు చాలా బావుందమ్మా. కాకపోతే కొల్లేరు మీదుగా వచ్చినట్టుంది, అంతే" అని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇదంతా మా మాస్టారి చెవిన పడింది. ఆయన బాధపడలేదు. ఒప్పందం కాగితం తెరిచి, 'ప్రాజెక్టు ఫలితాలను ఉభయ పక్షాలూ సమానంగా పంచుకోవాలి' అన్న వాక్యం కింద గీత గీసి, మేనేజరు గారికి ఫోన్ చేశారు. "మరి మా వాటా జంతికలు ఏమయ్యేయండీ?" అని అడిగారు. నవ్వులాటకేననుకుని మేనేజరు గారు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మర్నాటి నుంచి స్టాఫ్ రూముకు ఒక సంచి వచ్చేది. మా ప్రాజెక్టు మీద లెక్చరర్లందరికీ ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది.

నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ గారు ప్రాజెక్టు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. పథకం ఉంచాలా తీసేయాలా, ఉద్యోగం ఇవ్వాలా వద్దా, ఆవిడదే తుది మాట. ఆవిడ తెలుగావిడే గానీ ఎక్కడో ఉత్తరాదిన పెరిగారట, చాలా ఖచ్చితమైన మనిషట. ఆవిడ ముందు డబ్బా మూత తీయగానే ఎండు రొయ్యలు కనపడితే నా గతేం కాను?

"ఒక్క రోజు, ఆ ఒక్క రోజు ఖాళీగా రప్పించమ్మా" అన్నారు మేనేజరు గారు. ఆయనకూ భయంగానే ఉంది. ఈ మధ్య ఆయన చొక్కా బొత్తాలు కూడా భయపడుతూనే ఉన్నాయి.

మళ్లీ ఇంటింటికీ వెళ్లాను. ఈసారి కోపం లేదు, బతిమాలుకోవడమే. టీచరమ్మ గారు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "మా ఇంట్లో అంత లేమి ఏం రాలేదమ్మా, ఖాళీ డబ్బా పంపించడానికి" అన్నారు. నేను అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను. ఈ ఉద్యోగం రాకపోతే హైదరాబాద్ పోవాలని, అక్కడ పెరుగు నీళ్లలా ఉంటుందని, నాకు ఎవరూ తెలియరని, అంతా చెప్పేశాను. ఆవిడ కొంగుతో నా కళ్లు తుడిచి, "నీకోసం కాబట్టి సరే" అన్నారు. ఆ మాట వీధంతా పాకింది. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుంటున్నప్పుడు ఒక్కొక్కరి మొహం చూస్తే, వాళ్ల చేత ఏదో కాని పని చేయిస్తున్నట్టు అనిపించింది.

ఆ రోజు పొద్దున్న బయల్దేరుతుంటే అమ్మ నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. కంపెనీది కాదు, మాది. నాన్న పేరు చుక్కలతో కొట్టించి ఉన్న పాత స్టీలు డబ్బా. నిండా సున్నుండలు.

"ఇవాళ ఏమీ వద్దన్నాను కదమ్మా!"

"కంపెనీకి వద్దన్నావు. ఇది ఆవిడకి. పాపం హైదరాబాద్ నుంచి వస్తోంది, ఏం తిందో ఏమో. డబ్బా మాత్రం మర్చిపోకుండా తీసుకురా."

ప్లాంటు గేటు దగ్గర కాగితం టోపీ ఇచ్చారు. మేడమ్ గారికి కొత్త గుడ్డ టోపీ ఇచ్చారు. సన్నగా, పొడుగ్గా, నవ్వని మనిషి. వ్యాను వచ్చింది. డబ్బాలు బల్ల మీద వరసగా పెట్టారు. నేనూ మాస్టారూ మేనేజరు గారూ పక్కనే నిలబడ్డాం. ఆవిడ మొదటి డబ్బా మూత తీశారు.

ఖాళీ. తోమి, ఆరబెట్టి, మెరిసిపోతోంది. అడుగున మాత్రం చిటికెడు పంచదార ఉంది.

రెండోది తీశారు. చిటికెడు పంచదార. మూడోది, అంతే. ఒకదాన్లో పంచదారకు బదులు చిన్న పటికబెల్లం ముక్క. టీచరమ్మ గారి డబ్బాలో ఒక్క యాలక్కాయ. ఆవిడ ఒక్కొక్క మూతే తీస్తున్నారు. మాస్టారు పైకి చూశారు గానీ ఆ గదిలో ఫ్యాను లేదు, ఏసీ.

"ప్రతి దాంట్లోనూ ఉంది. ఏమిటిది? మీ వాషింగ్‌లో లోపమా?" అని అడిగారు మేనేజరు గారిని. ఆయన టోపీ తీసి చేత్తో నలపడం మొదలుపెట్టారు.

అప్పుడు నా నోరు నా మాట వినలేదు. "లోపం కాదండీ, మర్యాద!" అన్నాను. గొంతు పెద్దదే అయింది. "మీ డబ్బా మా గుమ్మంలోకి వస్తే మేం ఖాళీగా పంపలేమండీ. నేను ఏడ్చి బతిమాలితే ఇంతకి తగ్గించారు. ఇంతకంటే తగ్గించడం వాళ్ల వల్ల కాదు. మీరు డబ్బా పంపితే జంతికలొస్తాయి, జంతికలొస్తే వెన్న వెళ్తుంది, వెన్న వెళ్తే చేపలొస్తాయి. దీనికి అంతు లేదు. డబ్బాలు పంపడం మానేయండి!"

"మరి పెరుగు?" అన్నారు ఆవిడ.

"పెద్ద క్యానులో తెచ్చి వీధిలో నిలబడండి. మేమే మా గిన్నెలు తెచ్చుకుంటాం. మా గిన్నె మీ దగ్గరికి వస్తే పోయించుకుని వెళ్లిపోతాం. మీ గిన్నె మా ఇంట్లో ఉండదు, మాకు నిద్ర పట్టకపోవడం ఉండదు. ప్లాస్టిక్కూ ఉండదు. మా అమ్మమ్మ కాలంలో పాలవాడు చేసింది అదే!"

ఆ చివరి మాట అన్నాక గానీ నాకు వెలగలేదు, పాల కంపెనీ వాళ్లను పట్టుకుని పాలవాడిలా నిలబడమన్నానని. మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఒప్పందాన్ని తల్చుకుని ప్రార్థన చేసుకున్నారేమో.

"చూద్దాం" అన్నారు మేడమ్ గారు. అంతే. కారెక్కుతుంటే నేను పరుగెత్తుకెళ్లి సున్నుండల డబ్బా ఇచ్చాను. ఆవిడ డబ్బానూ నన్నూ చూసి, తీసుకుని, తలుపు వేసుకున్నారు. డబ్బా తిరిగివ్వమని అడిగేలోపే కారు హైవే ఎక్కేసింది.

తర్వాత ఏమీ జరగలేదు. మా వీధికి వ్యాను రావడం మానేసింది. స్టాఫ్ రూముకు సంచి రావడం కూడా మానేసింది, లెక్చరర్లకు ప్రాజెక్టు మీద గౌరవం తగ్గిపోయింది. పరీక్షలయ్యాయి. మా బ్యాచ్ అంతా ఒకరి తర్వాత ఒకరు గూడెం స్టేషన్లో రైలెక్కారు. నేను ఇక్కడే ఏదో ఒకటి దొరుకుతుందని కొన్నాళ్లు సాగదీసి, చివరికి టిక్కెట్టు తీసుకున్నాను. నాకు దిగులుగా ఉంది. అమ్మకు కూడా దిగులుగానే ఉంది గానీ, ఆవిడ నన్ను రోజూ అడిగింది మాత్రం ఒక్కటే. "ఆ డబ్బా వచ్చిందా?"

"రాదమ్మా. హైదరాబాద్ వాళ్లకు తెలియదు ఇవన్నీ."

"తెలియకపోవడమేంటి, నాన్న పేరుంది కదా దాని మీద!"

రైలు రోజున పొద్దున్నే పెట్టె సర్దుతుంటే వీధిలో గంట వినపడింది. కిటికీలోంచి చూస్తే అదే వ్యాను. వెనకాల తలుపులు తెరిచి, మూత ఉన్న పెద్ద స్టీలు క్యాను, పొడుగాటి గరిటె. టీచరమ్మ గారు అప్పటికే తన గిన్నెతో నిలబడి ఉన్నారు. టైలరు గారి భార్య, చేపలు ముట్టని పెద్దాయన, అందరూ ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుని, పోయించుకుని, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా హాయిగా వెళ్లిపోతున్నారు. నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది, వెంటనే కడుపు మండింది. ఆలోచన నాది, ఆ పెరుగు తినబోయేది వీళ్లు, నేనేమో నీళ్ల పెరుగు దగ్గరికి పోతున్నాను.

డ్రైవరు మా గుమ్మంలోకొచ్చాడు. చేతిలో మా డబ్బా. నాన్న పేరు ఎండకు మెరుస్తోంది. "పెద్ద మేడమ్ గారు పంపేరండి. ఇన్నాళ్లు ఉంచుకున్నందుకు ఏమీ అనుకోవద్దన్నారండి. ఖాళీది ఇవ్వకూడదని మీరే చెప్పేరంట కదండీ. ఆవిడకి వంట రాదంటండి. ఏం పెట్టాలో తెలీక ఇది పెట్టేనని చెప్పమన్నారండి."

అమ్మ డబ్బా లాక్కుని మూత తీసింది. లోపల చేయి పెట్టి బయటికి తీస్తే గుడ్డ. ఇస్త్రీ చేసి మడతపెట్టిన తెల్ల టోపీ, నీలం అంచుది.

ఆ టోపీని రెండు చేతులా పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

"సోమవారం నుంచి రమ్మన్నారండి, కాగితాలన్నీ ఆఫీసులో ఉన్నాయంటండి" అని డ్రైవరు చెప్తున్నాడు. టోపీ నుంచి సన్నగా మినప్పిండి వాసన వస్తోంది, నెయ్యి వాసన కూడా.

అమ్మ డబ్బాలోకి మళ్లీ తొంగి చూసింది. బోర్లించి అరచేతిలో తట్టింది. ఏమీ రాలలేదు.

"పాపం, చిటికెడు పంచదారైనా లేదు. నిజంగానే ఆవిడకి ఏం తెలీదు" అని నిట్టూర్చి, "ఉండవయ్యా, అలా వెళ్లిపోకు" అని డ్రైవరును అరుగు మీద కూర్చోబెట్టి, నా పెట్టెను కాలితో పక్కకు జరిపి, మూకుడు పొయ్యి మీద పెట్టి మినుములు వేయించడం మొదలుపెట్టింది. ఆ డబ్బా మళ్లీ ఖాళీ అయింది కదా.